‘ఉత్త సర్వేనే సార్!’

మొన్న ఆదివారం పొద్దున హన్మకొండలో మా గల్లీకి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. చేతిలో ట్యాబ్. పేరు, వయసు, షుగర్ ఉందా, ఏం మందులు వాడతారు... వరసగా అడిగి చివరికి ‘వేలికి చిన్న సూది, ఒక్క చుక్క రక్తం’ అన్నారు. ‘ఇది రీసెర్చా బాబూ?’ అన్నాను. ‘ఏం లేదు, ఉత్త సర్వేనే సార్’ అని నవ్వాడు పెద్దోడు.

ఆ మాటకి నాకు పక్కనున్న ఖమ్మం గుర్తొచ్చింది. 2009 జులైలో పాథ్ అనే అమెరికా సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆ జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేయించింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలూ అందులో ఉన్నారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే చేశారు. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. కానీ 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది.

అసలు గొడవ టీకా మంచిదా చెడ్డదా అని కాదు, అది పరిశోధనా కాదా అని! వాళ్లు దానికి ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అని పేరు పెట్టుకున్నారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ పేరునే తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లట! అమ్మానాన్నలకి చెప్పకుండానే పిల్ల చెయ్యి సూదికి చాచినట్టే కదా.

మరి ఏది పరిశోధన? డాక్టరు మన జబ్బు నయం చేయడానికి రక్తం తీస్తే అది వైద్యం. అందరికీ వర్తించే కొత్త సంగతి తెలుసుకోవడానికి ఒక పద్ధతి ప్రకారం మన ఒంటినో, రక్తాన్నో, మనల్ని గుర్తుపట్టగలిగే వివరాలనో వాడుకుంటే పరిశోధన. సూది గుచ్చకపోయినా సరే, ఆరోగ్యం గురించి ప్రశ్నలడిగినా అంతే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. దానికి ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. పాత కేసు షీట్లు తిరగేసే పనికి ఒక్కోసారి మన సంతకం అక్కర్లేకపోవచ్చు. అయితే ఆ మాట చెప్పాల్సింది కమిటీ, పరిశోధకుడు కాదు.

అందుకే మీ ఇంటికి ఎవరొచ్చినా నాలుగు ముక్కలు అడగండి. ఎందుకు చేస్తున్నారు? కమిటీ అనుమతి ఏదీ? నా రక్తం, నా పేరు ఎక్కడికి పోతాయి? వద్దంటే నాకేమైనా నష్టమా?

మా కుర్రాళ్లనీ అడిగాను. మొహాలు చూసుకున్నారు. ‘మా సార్‌ని అడిగి వస్తం’ అన్నారు. ‘తెలుగులో రాసిన కాగితం పట్టుకు రండి. అందులో ఉన్నది నచ్చితే ఒక చుక్క కాదు, రెండిస్తా’ అన్నాను. వాళ్ల మీద కోపమేం లేదు. ఖమ్మంలో ఆ పిల్లల అమ్మానాన్నలకి దక్కనిది, ఆ అడిగే అవకాశమే.