చలానాకు జవాబు

కూడలియందు ఈల వేసి, వాహనమును ప్రక్కకు తీయుమని చేయి చూపిన పోలీసు ఉద్యోగి యెదుట నిలిచిన సామాన్యునికి ఆ క్షణమున తోచు ఉపాయములు రెండే: బతిమాలుకొనుట, లేదా పోట్లాడుట. రెండింటివలనను ఒరుగునది స్వల్పము. ఏలయన ఆ యుద్యోగికి నేరమును ఆరోపించు అధికారమే కాని దానిని స్థిరపరచు అధికారము లేదు. ఆయన చేతి యంత్రమునుండి వెలువడు ఈ-చలానా అభియోగపత్రమువంటిది, తీర్పు న్యాయాధికారి చెప్పవలసినది.

అయినను మనలో పెక్కుమంది ఆ తీర్పువరకు పోక, ఫోనులోనే సొమ్ము కట్టివేసి ఊపిరి పీల్చుకొందురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 200వ సెక్షను ఇందుకు వీలు కల్పించినది. ప్రభుత్వము నియమించిన అధికారికి నిర్ణీతమైన మొత్తము చెల్లించినచో వ్యవహారము రాజీపడినట్లగును. కేసును ముగియును, దానితోపాటు వాదించు అవకాశమును ముగియును. కనుక "ముందు కట్టి, తరువాత అడుగుదము" అనుకొనువారు అడుగవలసిన చోటును తామే మూసివేసికొనుచున్నారు. మద్యము సేవించి వాహనము నడిపినట్టి నేరమునకు ఈ రాజీ వర్తింపదు. అది కోర్టుకే పోవలెను.

మరి నిలిపినచోట చేయవలసినదేమి? యూనిఫారము ధరించిన పోలీసు అడిగినచో లైసెన్సు చూపుట చట్టము విధించిన బాధ్యత. కాగితమే చేతనుండవలెనన్న నియమము నేడు లేదు. డిజీలాకర్, ఎంపరివాహన్‌లలోని లైసెన్సు, ఆర్సీ చెల్లును. అధికారి లైసెన్సును స్వాధీనపరచుకొన్నచో, దానికి బదులుగా తాత్కాలిక రసీదు ఇయ్యవలెనని 206వ సెక్షను చెప్పుచున్నది. ఆ రసీదుతో గడువువరకు బండి నడుపవచ్చును. ఈ రసీదు అడిగి పుచ్చుకొనువారు మాత్రము అరుదు. తక్కిన వాదమంతయు అక్కడ మాని, సిగ్నలు ఏ రంగులో నుండెనో, స్టాప్ లైను చెరిగియుండెనో లేదో, చెట్టుకొమ్మ దేనిని కప్పెనో ఒక ఫొటో తీసికొని, సమయము వ్రాసికొనుట మేలు. రోడ్డు మీద ఎంత గట్టిగా వాదించినను అది రికార్డునకు ఎక్కదు, ఫొటో ఎక్కును.

వేగమును గూర్చిన ఆరోపణయందు మన చట్టము ఒక చక్కని రక్షణ నిచ్చినది. ఒకేయొక సాక్షి "ఈ బండి మితిమీరిన వేగమున వచ్చినదని నాకు తోచినది" అన్నంతమాత్రమున ఎవరిని శిక్షింపరాదనియు, ఆ యభిప్రాయము ఏదేని యాంత్రిక, ఎలక్ట్రానిక్ సాధనముచే తీసిన లెక్కపై ఆధారపడి యుండవలెననియు 183వ సెక్షను పలుకుచున్నది. స్పీడు గన్ లేని కంటిచూపు నమ్మదగినది కాదని శాసనకర్తలే ఒప్పుకొన్నారన్నమాట! అంతేగాక, అతివేగము, ప్రమాదకరమైన డ్రైవింగు అను నేరములలో అప్పటికప్పుడే హెచ్చరించియైనను, 14 దినములలో రిజిస్టర్డు పోస్టున నోటీసు పంపియైనను, 28 దినములలో సమను అందజేసియైనను ఉండనిదే శిక్ష చెల్లదని 209వ సెక్షను. ముద్దాయి చిరునామా యెంత వెదకినను దొరకనిచో, లేక జాప్యమునకు అతని నడవడియే కారణమైనచో, మాత్రము మినహాయింపు.

కెమెరా పట్టిన నేరములకు 2021లో కేంద్రము చేర్చిన 167ఏ నియమము వర్తించును. ఆ పరికరమునకు ఏటేట ధ్రువీకరణ ఉండవలెను. కెమెరా ఉన్నదని తెలుపు బోర్డు వాహనదారునకు కనబడవలెను. 15 దినములలో నోటీసు రావలెను. నంబరు ప్లేటు, నేరము స్పష్టముగా తోచు ఛాయాచిత్రము జతపడవలెను. ఆ చిత్రమును పెద్దది చేసి చూచుట మనవారు బద్ధకింతురు. చూచినచో అప్పుడప్పుడు తమ నంబరే అంటించుకొని తిరుగు పరుల స్కూటరు కనబడును. రంగు, మోడలు, అద్దములు పోల్చి, తమ బండి ఫొటోతోపాటు ఫిర్యాదు చేసినచో అట్టి నకిలీ ప్లేటు చలానాను ఎదిరించుట సులభము.

మద్యపానపు కేసులు వేరు జాతి. నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములు మించిన ఆల్కహాలు నేరము; మొదటిసారి ఆరు నెలలవరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని. వారంటు లేక అరెస్టు చేసినచో రెండు గంటలలోగా వైద్యపరీక్ష జరుపవలెను, లేనిచో విడిచిపెట్టవలెను. నోటి వాసన, నడక తూలుట వంటివి మద్యపానమునకు నిశ్చయ నిదర్శనములు కావని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పినది. బండిని జప్తు చేయుటపై తెలంగాణ హైకోర్టు 2021లో ఒక హద్దు గీచినది: వెంట మద్యము ముట్టని, లైసెన్సు గల మనిషి యున్నచో బండి ఆతనికి అప్పగింపవలెను, లేనిచో బంధుమిత్రులకు కబురంపవలెను.

కోర్టుకు వెళ్లుటన్న భయమే పెద్ద అడ్డంకి. వర్చువల్ కోర్టు గల చోట్ల జరిమానా కట్టుట, కేసును ఎదుర్కొనుట అను రెండు దారులు తెరమీదనే యుండును. రెండవది యెన్నుకొన్నచో ఫైలు సాధారణ న్యాయస్థానమునకు పోవును. చిన్న నేరముల సమను పుచ్చుకొన్నవారు స్వయముగా రాక వకీలును పంపవచ్చునని 208వ సెక్షను అనుమతించుచున్నది. నిరూపించు భారము ప్రభుత్వపక్షముదే.

ఇచట తెలంగాణ అనుభవమును తలచక తప్పదు. 2022లో ద్విచక్ర వాహనముల పెండింగు చలానాలపై 75 శాతము, 2023 చివర 80 శాతము రాయితీ ప్రకటించిరి. జనము సంతోషించిరి. తప్పుడు చలానా పడినవాడును మిగిలిన 20 శాతము విదిలించి నెమ్మదిని కొనుక్కొనెను. ఏ కెమెరా తప్పు పట్టెనో, ఏ బోర్డు కనబడలేదో యెవరును విచారింపలేదు. సకాలమున కట్టినవాడు తెలివితక్కువవాడైనాడు. ఖజానాకు మేలైనను, విచారణకు ఇది కీడే.

ఒక చిక్కు మాత్రము కోర్టుకన్న ముందే తీర్చుకొనవచ్చును. అమ్మివేసిన పాత బండి రికార్డులలో మన పేరనే యుండి, కొన్నవాని రాంగ్ రూటు ఫొటోలు మన ఫోనునకు వచ్చుట సర్వసాధారణము. అదే రాష్ట్రమున అమ్మినచో 14 దినములలో రిజిస్టరింగు అధికారికి తెలుపవలెనని 50వ సెక్షను. అమ్మకపు పత్రము, కొన్నవాని సంతకము, బండి అప్పగించిన గంట వ్రాసిన కాగితము పేరు మారువరకు భద్రపరచినచో, ఆ చలానాలకు జవాబు ఆ కాగితమే.