నీట మునిగిన బండి కొనవచ్చా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. బెజవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో వుంది. గుడివాడ పక్కన నందివాడ మండలంలో కూడా ఊళ్ళు మునిగాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు వదిలారు. దివిసీమలో కృష్ణ ఒడ్డు లంకలు మునిగాయి. ఇళ్ళ ముందు పెట్టిన మోటారు సైకిళ్ళు కూడా మునిగాయి.

ఇలాంటి వరద తరువాత మునిగిన బండ్లు అమ్మకానికి వస్తాయి. కడిగి, తుడిచి, కొత్త సీటు కవరు తొడుగుతారు. బండి మెరుస్తూ వుంటుంది. ధర తక్కువ. చేపలో, పాలో అమ్ముకునే ఇంటికి బండి వుంటే నాలుగు ఊళ్ళు తిరగవచ్చు. అందుకే ఆశ పుడుతుంది. చాలా ఇళ్ళలో ఆ డబ్బు పొదుపు సంఘం అప్పు. కిస్తీ కట్టేది ఇల్లాలు. బండి మూలపడినా కిస్తీ ఆగదు. కాబట్టి కొనే ముందు బండిని ఆమె కూడా చూడాలి. "ఆడవాళ్ళకు బండి సంగతి ఏం తెలుసు?" అని ఎవరైనా అంటే అననివ్వండి.

నీరు బండిని ఏం చేస్తుంది? ఇంజను లోపలి సామాను నూనెలో తిరుగుతుంది. నూనెలో నీళ్ళు కలిస్తే అది పాలు పోసిన టీ రంగుకు వస్తుంది. మూత తీసి చూస్తే తెలుస్తుంది. అయితే అమ్మే మనిషి నూనె మార్చేసి వుండవచ్చు. రంగు ఒక్కటే చూసి నమ్మకూడదు.

మునిగిన బండిని ఆరబెట్టకుండా కిక్కు కొడితే ఇంకా నష్టం. గాలి నొక్కితే అణుగుతుంది. నీరు అణగదు. సైకిలు పంపులో నీళ్ళు నింపి, మూతి మూసి నొక్కితే కడ్డీ దిగదు కదా! ఇంజనులోనూ అంతే. లోపలి కడ్డీ వంగిపోవచ్చు. అందుకే "మునిగాక స్టార్టు చేశారా?" అని ముందే అడగాలి.

వైర్ల సంగతి ఇంకా మోసం. నీరు చేరిన రాగి తీగకు, తోమని రాగి చెంబుకు పట్టినట్టే, చిలుము పడుతుంది. ఈ రోజు లైటు వెలుగుతుంది. మూడు నెలలకు దారిలో బండి ఆగుతుంది. 2020 తరువాత వచ్చిన చాలా బండ్లలో పెట్రోలు కొలిచి పంపే చిన్న కంప్యూటరు వుంటుంది. అది పాడయితే మార్చడానికి వేలల్లో ఖర్చు.

ఉప్పునీట మునిగిన బండి అయితే వద్దనే చెప్పాలి. బందరు, కోడూరు, నాగాయలంక వైపు సముద్రపు నీరు లోపలికి వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ పెద్దవాళ్ళకు ఉప్పునీరు పొలాన్ని ఏం చేస్తుందో తెలుసు. వానాకాలం ఉప్పు జాడీ చెమరుస్తుంది. అలాగే సందుల్లో దాగిన ఉప్పు తడిని పీలుస్తూనే వుంటుంది. ఇనుము తుప్పు పడుతూనే వుంటుంది.

మంచినీట మునిగితే? నీరు చక్రాల సగం దాకే వచ్చివుంటే బ్రేకులు, బేరింగులు బాగు చేయించి వాడవచ్చు. సీటు దాకా వచ్చివుంటే లెక్క వెయ్యాలి. ఎంత దాకా వచ్చిందో బండే చెబుతుంది. సీటు ఎత్తి చూడండి. బ్యాటరీ పెట్టె మూల, గాలి వడపోసే డబ్బా, హెడ్‌లైటు లోపల చూడండి. అక్కడ ఒండ్రు మట్టి మిగులుతుంది.

మెకానిక్కును మీరే తీసుకుపోవాలి. అమ్మే మనిషి చూపించిన మెకానిక్కు వద్దు. బాగు చేయడానికి ఎంతవుతుందో రాయించుకోండి. బండి ధర 25 వేలు, బాగుకు 12 వేలు అనుకుందాం. మొత్తం 37 వేలు. నీట మునగని పాత బండి 40 వేలకు దొరికితే తేడా 3 వేలే. ఆ 3 వేల కోసం మునిగిన బండి ఎందుకు?

బేరం కుదిరితే ఆర్.సి. చదవాలి. అందులోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద వున్న వాటితో అంకె అంకె సరిచూడాలి. ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరు వుంటే, బాకీ తీరినట్టు కంపెనీ కాగితం కావాలి. ఇన్సూరెన్సు కూడా చూడాలి. థర్డ్ పార్టీ ఒక్కటే వుంటే వరద నష్టానికి డబ్బు రాదు. కొన్న 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి పేరు మార్పించుకోవాలి. అప్పు ఆమెది అయితే బండి కూడా ఆమె పేరనే రాయించవచ్చు. బయానా ఇచ్చేటప్పుడు తేదీ, బండి నంబరు, ఇచ్చిన డబ్బు, నీరు ఎంత దాకా వచ్చిందో ఒక కాగితం మీద రాసి అమ్మే మనిషి చేత సంతకం పెట్టించుకోవాలి.