ఇల్లు దేని మీద నిలబడింది?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. స్కూల్ ఎంత దూరం? నీళ్లు రోజూ వస్తాయా? సామాను లారీ ఇంటి దాకా వెళ్తుందా? కొండ ఊరికి బదిలీ అయితే ఇంకొకటి కూడా అడగాలి. ఆ ఇల్లు దేని మీద నిలబడింది?

ఉత్తరాఖండ్‌లోని జోషిమఠ్ పట్టణం గట్టి రాతి మీద లేదు. ఎప్పుడో విరిగిపడిన కొండచరియల మట్టి, రాళ్ల మీద ఉంది. 1976లోనే మిశ్రా కమిటీ ఈ సంగతి చెప్పింది. అక్కడ భారీ కట్టడాలు వద్దని, చెట్లు కొట్టవద్దని, బండరాళ్లు తవ్వవద్దని సూచించింది. 2023 జనవరిలో ఆ ఊళ్లో వందల ఇళ్లకు పగుళ్లు వచ్చాయి, ఎన్నో కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. హిమాలయాల సంగతి మనకెందుకు అనుకోవద్దు. 2024 ఆగస్టు 31న భారీ వర్షానికి విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి.

వాన పడితే మట్టి ఎందుకు జారుతుంది? విశాఖ బీచ్‌లో ఇసుక గూళ్లు కట్టినవాళ్లకు జవాబు తెలుసు. పొడి ఇసుక నిలవదు. కాస్త తడి ఉంటే గోడలా నిలుస్తుంది. అల వచ్చి ముంచితే కూలుతుంది. కొద్ది తడి రేణువులను కలిపి పట్టుకుంటుంది కానీ, సందులన్నీ నీటితో నిండితే ఆ నీటి ఒత్తిడి రేణువుల పట్టు సడలిస్తుంది. పైగా తడిసిన మట్టికి బరువెక్కువ. అందుకే గోడలకన్నా ముందు నీటిని చూడాలి. పైనుంచి వచ్చే వాననీరు కాలువలోకి పోతోందా, పునాది పక్కన ఇంకిపోతోందా?

మా క్వార్టర్ వెనక రాతి అడ్డుగోడకు వరసగా రంధ్రాలున్నాయి. వాటిలోంచి పాములు వస్తాయని అమ్మా నేనూ పాత గుడ్డలు కుక్కాం. నాన్న చూసి వెంటనే తీయించారు. గోడ వెనక చేరిన నీరు బయటికి రావడానికే ఆ రంధ్రాలు. అవి మూసుకుపోతే నీరు గోడనే ముందుకు తోస్తుంది. ఒక గుడ్డ లాగగానే చాలాసేపు నీరు కారింది. ఆ తర్వాత మేం వాటి జోలికి పోలేదు.

చెట్లు కూడా చెబుతాయి. ఒక్క చెట్టు వంగితే ఎండ కోసం కావచ్చు. చాలా చెట్ల మొదళ్లు హాకీ కర్రలా వంగి, పైన నిటారుగా ఉంటే అక్కడి పైమట్టి ఏళ్ల తరబడి మెల్లగా కిందికి జరుగుతూ ఉండవచ్చు. వానాకాలంలో తలుపు బిగిస్తే భయపడనక్కర్లేదు, చెక్క ఉబ్బుతుంది. వానలు వెళ్లాక కూడా బిగిస్తే, తలుపు మూల నుంచి ఏటవాలు పగులు కూడా ఉంటే, ఇంజనీరును పిలవాలి.

మట్టి రకం తెలియాలంటే గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి కదపకుండా ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. సన్నని ఒండ్రుకు గంటలు పడుతుంది. బంకమట్టి మర్నాటికీ నీటిలోనే ఉండవచ్చు. బంకమట్టి ఎక్కువైతే తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. సరదా ప్రయోగమే కానీ ఇది పైమట్టి సంగతే చెబుతుంది. లోపల ఏముందో తెలియాలంటే బోరు వేసి పరీక్షించాల్సిందే.

నేల మీద కొత్త బీట కనిపించినా, ఎప్పుడూ లేనిచోట బురద ఊట వచ్చినా కొలతలు వద్దు. అర్ధరాత్రయినా పెద్దవాళ్లను లేపి బయటికి, వాలుకు పక్కగా, దూరంగా వెళ్లాలి.

మా వరండా గోడలో ఒక సన్నని పగులుంది. దాని రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేశాను. రెండు వానాకాలాలు గడిచాయి, పగులు గీత దాటలేదు. ఈసారి సున్నం వేయించినప్పుడు నాన్న ఆ జానెడు చోటు వదిలేయమన్నారు. మా తర్వాత ఈ క్వార్టర్‌కు వచ్చేవాళ్లకు ఆ తేదీలు కావాలి కదా.