ఊరి చిత్రములకు ఊరిలోనే చోటు

చిత్రప్రదర్శనమనగానే మనలో పెక్కుమందికి హైదరాబాదో, బెంగుళూరో జ్ఞప్తికి వచ్చును. విశాలమైన మందిరము, నున్నని గోడలు, మెల్లగా మాటలాడుకొను పెద్దమనుష్యులు కన్నులకు కట్టుదురు. ఇది మనకు చెందిన వేడుక కాదను భావము దానితోడనే కలుగును. గుంతకల్లు నుండి ఆదోనికి పోవు రైలుమార్గమున ఆస్పరివంటి చిన్న ఊర దిగి, ఇచ్చట చిత్రశాల ఎక్కడ నున్నదని అడిగినవానిని జనులు వింతగా చూతురు. కాని, బొమ్మలు వ్రాయువారు ఇచ్చట లేరా యని అడిగినచో ప్రత్యుత్తరము వేరుగా నుండును. బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పు పంతులు కలడు. అంగళ్లకు పేర్లు వ్రాయువాడు కలడు. వాకిట చుక్కలు పెట్టి, చూచిన కన్ను త్రిప్పుకొనలేనంత ముగ్గు తీర్చు ఇల్లాలు కలదు. వ్రాయువారు కలరు; వ్రాసినదానిని చూపుటకు చోటు లేదు. ఈ వెలితిని గురించియు, దానిని తీర్చు ఉపాయమును గురించియు నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

చిత్రకళ ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1953వ సంవత్సరము వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. ఆ బళ్లారికి సమీపమున కప్పగల్లు గుట్ట కలదు. నవీన శిలాయుగపు పశుపాలకులు అందలి నల్లని బండలమీద రాతితో రాతిని పొడిచి, పొడవైన కొమ్ముల ఎడ్లను, మనుష్యులను రూపించిరి. 1892లో ఫాసెట్ అను ఆంగ్లేయుడు వీనిని గురించి వ్రాసెను. 2000 దాటిన పిమ్మట మరికొందరు పండితులు వచ్చి పరిశీలించి, అచ్చటి బండలు కొన్ని రాతితో తట్టినచో గంటవలె మ్రోగునని ప్రకటించిరి. వేల ఏండ్ల యెండవానలకు చెడని ఆ బొమ్మలకు ఈ కాలమున కంకరకై రాయి కొట్టువారి వలన ముప్పు వచ్చినది. నల్లరాతిమీది బొమ్మకే కాపరి కావలసివచ్చినప్పుడు, కాగితము మీది బొమ్మ సంగతి చెప్పనేల?

ఊరి చిత్రశాల చేయవలసిన పనులు ముఖ్యముగా రెండు. మొదటిది చూపుట, రెండవది నిలుపుట. చూపుట యనగా గోడకు తగిలించుట మాత్రమే యని తలంపరాదు. నల్లరేగడి చేనిలో గుంటక తోలుచున్న రైతును ఒకడు చిత్రించెననుకొందము. పట్టణములో దానిని చూచినవారు రంగులు బాగున్నవందురు, లేదా బాగుగ లేవందురు. ఆస్పరి రైతు చూచినచో, కాడి ఎద్దుమెడమీద అట్లు నిలువదనును. గుంటక పట్టినవాని నడుము అట్లు వంగదనును. ఆ మాట చిత్రకారునికి ఏ పాఠశాలలోను దొరకదు. ఆ రైతునకును తాను దినదినము చేయు పని చూడదగినదని అంతకుమున్ను తోచియుండదు. చూచువాడు, వ్రాసినవాడు ఒక్క గదిలో నిలిచి మాటలాడుకొనుటయే ఊరి ప్రదర్శనములోని విశేషము. పట్టణములోని ప్రదర్శనమునకు ఎంత కీర్తి యున్నను ఈ లాభము దానికి లేదు.

రెండవ పనియైన నిలుపుటకు మన తెలుగునేలలోనే గొప్ప నిదర్శనము కలదు. రాజమహేంద్రవరమున 1897లో దామెర్ల రామారావు జన్మించెను. ఆ ఊరి కళాశాలకు అప్పుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అధ్యక్షుడు. స్వయముగా చిత్రములు వ్రాయు ఆ దొర ఈ బాలుని చేతివాటమును గుర్తించెను. అడివి బాపిరాజు, వరద వెంకటరత్నము కూడ ఆయన శిష్యులే. దొర ప్రోత్సాహముతో రామారావు బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో చదివెను. చదువు ముగిసిన పిమ్మట పెద్ద పట్టణమునందే యుండి పేరు గడింపవచ్చును. ఆయన గోదావరి యొడ్డునకు తిరిగివచ్చెను. స్వంత ఊరిలో మిత్రులను, శిష్యులను చేర్చుకొని చిత్రకళ నేర్పసాగెను. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టినవారే.

1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి రామారావు మరణించెను. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. ఇట్టి సమయమున సాధారణముగా ఏమి జరుగును? కొన్ని చిత్రములు కొన్నవారి యిండ్లకు పోవును. కొన్ని బంధువుల పెట్టెలలో చెదలకు ఆహారమగును. ఇరువదేండ్లలో పేరు మాత్రము మిగులును. మరి యిరువదేండ్లకు అదియు మిగులదు. రాజమహేంద్రవరమున అట్లు జరుగలేదు. కుటుంబమువారు, మిత్రులు ఆ చిత్రములను చెదరనీయలేదు. వరద వెంకటరత్నము తన జీవితములో పెద్దభాగమును ఆ పాఠశాలకు, చిత్రశాలకు ధారపోసెను. తరువాత ప్రభుత్వము దానిని స్వీకరించెను. రామారావు పేరిటి ఆ చిత్రశాలకు నేడు పోయినను ‘సిద్ధార్థ రాగోదయము’, ‘పుష్పాలంకరణము’ మొదలగు నీటిరంగు చిత్రములను ఆయన పుట్టిన ఊరిలోనే చూడవచ్చును. నీటిరంగు మిక్కిలి సుకుమారమైనది. ఎండ తగిలిన వెలిసిపోవును, చెమ్మ తగిలిన మరకపడును. అట్టిది నూరేండ్లు నిలిచినదనిన అందులో వ్రాసినవాని ప్రతిభ ఎంత కలదో కాచినవారి ఓర్పు అంత కలదు.

రాజమహేంద్రవరము పెద్ద ఊరు, మాది చిన్న ఊరు, చిత్రశాల కట్టుటకు మాకు ధనమెక్కడిదని శ్రోతలలో కొందరు అనవచ్చును. ఆరంభమునకు భవనముతో పనిలేదు. లండను నగరమున వైట్‌చాపెల్ అను పేదలపేట కలదు. అచ్చట 1881లో శామ్యూల్ బార్నెట్ అను మతగురువు, ఆయన భార్య హెన్రియెట్టా కలిసి ఈస్టరు పండుగకు బడిగదులలో చిత్రప్రదర్శనము నెలకొల్పిరి. ఏటేట అది జరిగెను. పనివారికి తీరిక దొరకు ఆదివారమున కూడ తలుపులు తెరచిరి. ఇరువదియేండ్లు గడచిన పిమ్మట, 1901లో గాని అచ్చట చిత్రశాలకు శాశ్వతమైన కట్టడము వెలయలేదు. ముందు చూచు అలవాటు, వెనుక కట్టడము: ఇదియే సరియైన వరుస.

ఇక మన ప్రాంతమున ఆ గదులలో ఏమి పెట్టవలెను? పటములు మాత్రమే చిత్రకళ యనుకొనుట పొరపాటు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతపనివారి సహకార సంఘమును స్థాపించెను. ఆ ఊరి మగ్గముల మీద అంచు తీర్చినవాడును చిత్రకారుడే. బట్ట అమ్ముడుపోయిన మరునాడు ఆ అంచును ఎవ్వరు కల్పించినదియు ఎవ్వరికిని తెలియదు. ప్రతి క్రొత్త అంచులోను ఒక మూర తుండు దాచి, నేసినవాని పేరుతో ప్రదర్శనమున నుంచినచో అది చరిత్ర యగును. ముగ్గు సాయంకాలమునకే చెరగిపోవును. దానిని గట్టికాగితముపై వ్రాయించినచో నిలుచును. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలుపై రంగుల బొమ్మలు చేయువారు కలరు. తోలుబొమ్మలాట చూచువారు తగ్గగా ఆ చేతులే దీపపు తొడుగులను చేయనేర్చినవి. ఆ పనిలోనివారైన దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ లభించెను. చూచువారు దొరికినచో పాత విద్య క్రొత్త త్రోవ పట్టి బ్రదుకుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇందులో తొందరపడవలసిన కారణ మొకటి కలదు. ఈ ప్రాంతమున వానలు తప్పిన యేడు కుటుంబములు కుటుంబములే గుంటూరు వైపునకు మిరపకోతలకు వలసపోవును. బడిపిల్లలు తలిదండ్రుల వెంట పోవుదురు. అందులో బొమ్మలు వ్రాయు చేయి కలవాడు ఒకడుండును. వాని నోటుపుస్తకము ఇంటి అటుకమీద పడియుండును. తిరిగివచ్చుసరికి అది ఉండవచ్చును, ఉండకపోవచ్చును. వాని బొమ్మ యొక్కటి ఊరి గోడమీద వాని పేరుతో నుండెనా, వానికి తిరిగివచ్చుటకు ఇంకొక హేతువు ఏర్పడును.

కనుక కాలనిర్ణయము వలసల ననుసరించి చేయవలెను. ఉగాదికి పెక్కుమంది ఊళ్లు చేరుదురు. ఆస్పరి మండలములోని కైరుప్పలలో ఉగాది మరునాడు జరుగు పిడకల సమరమును చూచుటకు చుట్టుపట్ల గ్రామములవారందరు కూడుదురు. ఆ నాలుగు దినములు ప్రదర్శనమునకు అనువైనవి. చోటునకు బడిగది చాలును, సత్రము చాలును. గోడలకు మేకులు కొట్టనక్కరలేదు. వెదురుచట్టములకు గోనెపట్టను బిగించి నిలిపినచో చక్కని గోడ యగును; ఆ మట్టిరంగు ఏ చిత్రమును మింగివేయదు. ప్రత్తివ్యాపారము జరుగు ఆదోనిలో గోనెపట్టకు కొదువలేదు. చిత్రము నడిమిభాగము నిలుచున్న మనుజుని కంటికి సరిగా, నేలనుండి రమారమి అయిదడుగుల ఎత్తున నుండవలెను. నేరుగా ఎండపడు కిటికీకి ఎదురుగా ఏ పటమును ఉంచరాదు. ఉత్తరపు వెలుతురు మేలు. అద్దము వేసినచో అది కాగితమునకు అంటుకొనకుండ నడుమ సన్నని బద్ద నుంచవలెను.

ప్రతి చిత్రము క్రింద నాలుగు విషయములు వ్రాయవలెను: వ్రాసినవారి పేరు, ఊరు, సంవత్సరము, వాడిన రంగులు. చదువరాని వారికి చదివి చెప్పుటకు గదికొక విద్యార్థిని నిలుపవలెను. పగలెల్ల చేనిలో నుండువారికొరకు దీపములు పెట్టిన పిమ్మట రెండు గంటలైన తలుపు తెరచియుంచవలెను. స్త్రీలు తమ యిచ్చవచ్చినంతసేపు నిలిచి చూచుటకు వీలు కల్పింపవలెను. ముగ్గుల విషయమున తీర్పు చెప్పవలసినది వారే గదా.

ఒక్క హెచ్చరిక చేయవలసియున్నది. మన ఊరివాడు వ్రాసినాడు గనుక అంతయు బాగున్నదని మెచ్చుకొనుట ఊరివానికి చేయు మేలు కాదు. వచ్చినవానినెల్ల గోడకెక్కించినచో మంచి చిత్రము చెడ్డవాని నడుమ కనబడకుండపోవును. పంతులొకరు, నేతగాడొకరు, పొరుగూరి చిత్రకారుడొకరు కూర్చుండి ఎన్నిక చేయవలెను. ఎన్నికకు రాని చిత్రమును ఊరక త్రిప్పిపంపక, ఏల రాలేదో వ్రాసినవానికి నెమ్మదిగా చెప్పవలెను.

ప్రదర్శనము ముగిసిన నాడు ఊరివారందరు తలకొంత వేసికొని, అందులో ఒక్క చిత్రమును వెల యిచ్చి కొనవలెను. దానమడుగరాదు, వెల యిచ్చినప్పుడే వ్రాసినవానికి గౌరవము, కొన్నవారికి జాగ్రత్త కలుగును. ఆ చిత్రమును గ్రంథాలయపు ఇనుప బీరువాలో, గోడ చెమ్మ తగులకుండ, పేరు వ్రాసి భద్రపరుపవలెను. మరుసటి ఉగాదికి దానిని వెలికిదీసి క్రొత్తవాని ప్రక్కన నిలుపవలెను. ఇట్లు ఏటికొకటిగా పదియేండ్లకు పది చిత్రములగును. వలసపోయి పెద్దవాడై తిరిగివచ్చిన బాలుడు ఆ పదింటిలో తన బొమ్మ యెక్కడనో వెదకుకొనును. కట్టడము సంగతి ఆనాడు ఆలోచింపవచ్చును.