హిమనిధుల చెంత

దేవుడు యోబును అడిగిన ప్రశ్నల్లో మంచు గిడ్డంగులను గురించినది ఒకటుంది (యోబు 38:22). వాటిలోకి ఎప్పుడైనా అడుగుపెట్టావా అన్నది ఆ ప్రశ్న సారాంశం. ఎండలకు అలవాటుపడ్డ మన తెలుగు విశ్వాసులకు హిమమంటే పాటల్లో, క్రిస్మస్ కార్డుల్లో కనబడే తెలుపు మాత్రమే. యెషయా ప్రవక్త పాపక్షమాపణకు చెప్పిన ఆ పోలికను కళ్లారా చూద్దామని మా సంఘం నుంచి ఆరుగురం 2024 ఫిబ్రవరి మొదటి వారంలో కాశ్మీరులోని గుల్‌మార్గ్ వెళ్లాం.

శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. టంగ్‌మార్గ్ దగ్గర టైర్లకు ఇనుప గొలుసులు బిగించుకుని పైకెక్కాలి. 2,650 మీటర్ల ఎత్తునున్న ఈ ఊరి పేరుకు పూల మైదానమని అర్థం. మేం వెళ్లేసరికి పూలు సరికదా కంచెలు, బెంచీలు, దుకాణాల మెట్లు సైతం మంచు కిందే ఉన్నాయి.

యువకులు ముగ్గురు స్నోబోర్డింగ్ నేర్చుకుంటామన్నారు. రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించి, పక్కకు తిరిగి నిలబడి, వాలు మీద జారే ఆట ఇది. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్ల కోసం రెండు స్కీలను జతకట్టాడు. ఆ ఆటవస్తువులోంచే ఈ ఆట పుట్టి, 1998లో నగానో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. గురువు వాళ్లకు మొదట నేర్పింది జారడం కాదు, పడటం! అరచేయి చాచి పడితే మణికట్టు విరుగుతుంది, పిడికిలి బిగించి పడాలన్నాడు. పలక అంచును మంచులోకి నొక్కితేనే వేగం అదుపులో ఉంటుంది, వాలు వైపున్న అంచు దిగబడిందా, బోర్లా పడ్డట్టే. సామెతల గ్రంథంలోని నీతిమంతుడు ఏడుసార్లే పడ్డాడు. మా వాళ్లు మధ్యాహ్న భోజనానికి ముందే ఆ లెక్క దాటారు.

గొండోలా అనే తీగమార్గం దాదాపు 4,000 మీటర్ల దాకా, అఫర్వత్ కొండ మీదికి తీసుకెళ్తుంది. పైన అంతా అందమే గాని, నిర్దేశించిన వాలు దాటి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. మేం తిరిగొచ్చాక అదే నెల 22న ఖిలన్‌మార్గ్ దగ్గర మంచు చరియలు విరిగిపడి రష్యా స్కీయర్ ఒకరు మరణించారు.

మిగిలిన ముగ్గురం ఊళ్లో తిరిగాం. భుజాన తాడు వేసుకుని యాత్రికుల్ని చెక్కబండి మీద లాక్కెళ్లే ముసలివాళ్లు అడుగడుగునా ఎదురయ్యారు. అంత చలిలో చెమటలు కక్కుతున్న మనిషితో కూలి సగానికి బేరమాడటమేమిటో! పొద్దుగుంకక ముందే కూలి ఇవ్వమన్న ధర్మశాస్త్రం యాత్రలకు వర్తించదా? మంచు వాలు మీద ఒంటరిగా నిలిచిన సెయింట్ మేరీ చర్చి కూడా చూశాం. 1902లో కట్టిన ఈ మందిరం కల్లోల కాలంలో ఏళ్ల తరబడి మూతపడి, 2003 క్రిస్మస్‌కు మళ్లీ ఆరాధనకు తెరుచుకుంది. గోడ పక్కన నిలబడి కాసేపు ప్రార్థించుకున్నాం.

మా డ్రైవరు చెప్పిన సంగతే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని అక్కడ చిల్లయ్ కలాన్ అంటారు. అప్పుడు కురిసిన మంచే గట్టిపడి వేసవి దాకా నిలుస్తుంది. ఆ ఏడాది జనవరి నెలాఖరు దాకా మంచు జాడే లేదు. కొండలు గోధుమ రంగులో బోడిగా మిగిలాయి, నేర్పే గురువులు ఖాళీగా కూర్చున్నారు, మసీదుల్లో వాన కోసం, మంచు కోసం ప్రత్యేక ప్రార్థనలు జరిగాయి. “సాబ్, మీకిది ఆట. మాకు జూన్ నెల నీళ్లు” అన్నాడు. అఫర్వత్ మీద కరిగిన మంచు నింగ్లీ వాగుగా పారి సోపోర్ దగ్గర జీలం నదిలో కలుస్తుంది. ఆ లోయ తోటల ఆపిల్సే మన ఊళ్లలో బండ్ల మీదికీ వస్తాయి. చలి చాలకపోతే ఆ చెట్లు సరిగా పూయవు. 2025 ఫిబ్రవరిలోనూ మంచు తక్కువై గుల్‌మార్గ్‌లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మార్చికి వాయిదా వేశారు.

హెర్మోను కొండ మంచు కరిగే యొర్దాను నిండుతుంది. యేసు బాప్తిస్మం పొందింది ఆ నీళ్లలోనే. మంచు భూమిని తడిపి చిగురింపజేయకుండా తిరిగి వెళ్లదన్న యెషయా 55వ అధ్యాయాన్ని ఆ రాత్రి బసలో చదువుకున్నాం. తెలుపు గురించిన మొదటి అధ్యాయం మనకు కంఠతా వచ్చు గాని, ఈ నీళ్ల మాట అంతగా పట్టించుకోం.

తిరుగు ప్రయాణంలో టంగ్‌మార్గ్ చేరాక డ్రైవరు టైర్ల గొలుసులు విప్పుతుండగానే మళ్లీ మంచు మొదలైంది. అతను విసుక్కుంటాడనుకున్నాం. అతను మాత్రం నెత్తిన మంచు పడుతుండగా నవ్వుతూ, విప్పిన గొలుసును మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.