వీధి నుండి ఇంటికి వచ్చిన కుక్కపిల్ల

ముసురు పట్టిన ఒక సాయంత్రం బడి నుండి వచ్చిన పిల్లవాడు చొక్కా చాటున తడిసిన కుక్కపిల్లను దాచుకొని గుమ్మంలో నిలబడతాడు. "అమ్మా, పెంచుకుందామే" అని బతిమాలతాడు. తల్లి కసురుకుంటుంది. "ముందు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చావో అక్కడే వదిలిపెట్టిరా" అంటుంది. రాత్రి అయ్యేసరికి వరండాలో గోనెసంచి పరిచేది కూడా ఆమే. నాలుగో రోజుకు దానికి ఒక పేరు, ఒక సత్తు గిన్నె వస్తాయి. నెల తిరిగేసరికి "టామీకి అన్నం పెట్టారా?" అని అడగకుండా ఇంట్లో ఎవరూ నిద్రపోరు. మన ఇళ్ళలో కుక్కలు చాలావరకు ఇలాగే వచ్చినవే. డబ్బిచ్చి కొన్నవి తక్కువ.

కుక్కను పెంచుకోవద్దని చెప్పటానికి మేము ఈ వ్యాసం వ్రాయటం లేదు. వీధిలో ఆకలితో తిరిగే ప్రాణికి ఒక ఇల్లు దొరకటం మంచిదే. అయితే పసిబిడ్డ పుట్టగానే టీకాల కార్డు వ్రాయించుకుంటాము. ఇంటికి కొత్తగా వచ్చిన ఈ ప్రాణి విషయంలో మాత్రం ఆ సంగతి "తరువాత చూద్దాంలే" అని వదిలేస్తాము. ప్రమాదం అక్కడే ఉంది.

"మా సొంత కుక్కే కదండీ!"

ఔట్ పేషెంట్ విభాగంలో తరచుగా వినిపించే మాట ఇది. వీధికుక్క కరిస్తే పరుగున వచ్చేవారు కూడా, ఇంటి కుక్క పన్ను దిగితే పసుపు అద్ది ఊరుకుంటారు. "దానికి టీకా వేయించారా?" అని అడిగితే "ఇంకా లేదండీ, చిన్నపిల్ల కదా" అంటారు. చిన్నపిల్లకు రేబిస్ ఉండదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మీ అబ్బాయి దానిని ఎత్తుకొని రాకముందే, రోడ్డు మీద వ్యాధి ఉన్న మరొక కుక్క దానిని కరిచి ఉండవచ్చు. కన్నతల్లే కరిచి ఉండవచ్చు. రేబిస్ క్రిమి ఒంట్లో చేరిన తరువాత కొన్ని వారాలు, ఒక్కొక్కసారి కొన్ని నెలలు ఏ లక్షణమూ కనిపించదు. అంతవరకు కుక్కపిల్ల హుషారుగా ఆడుతూ, తోక ఊపుతూనే ఉంటుంది. జబ్బు బయటపడటానికి కొద్ది రోజుల ముందు నుండే క్రిమి దాని చొంగలోకి వస్తుంది.

పిచ్చికుక్క అనగానే కనిపించిన వారినల్లా కరుస్తూ పరుగెత్తేదని మనం ఊహించుకుంటాము. కొన్ని కుక్కలలో వ్యాధి ఇందుకు భిన్నంగా వస్తుంది. కుక్క మూల చేరి మూలుగుతుంది. దవడ వేలాడి చొంగ కారుతుంది. అన్నం మింగలేదు. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనుకొని ఇంటివారు నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. దయచేసి అలా చేయవద్దు. చొంగ కారుస్తూ మింగలేక ఉన్న కుక్కను విడిగా ఉంచి పశువైద్యుని పిలిపించండి.

2025లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక యువ కబడ్డీ ఆటగాడు మురుగు కాలువలో పడిన కుక్కపిల్లను పైకి తీసి కాపాడాడు. ఆ సమయంలో అది అతని వేలిని కొరికింది. చిన్న గాటే కదా అని అతడు సూదులు వేయించుకోలేదు. సుమారు రెండు నెలల తరువాత రేబిస్ లక్షణాలు కనిపించాయి. జూన్ నెలలో మరణించాడు. చేసిన పని దయగల పనే. ఆ దయకు తోడుగా ఒక సబ్బు ముక్క, కొన్ని సూదులు ఉంటే ఆ యువకుడు బ్రతికి ఉండేవాడు.

గాయమైతే ఆ నిమిషంలోనే

కొళాయి క్రింద ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తుంది. రేబిస్ క్రిమికి పైన పలుచని కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి క్రిమిని చంపుతుంది. ఖరీదు లేని ఈ పనికి ఉన్న విలువ చాలామందికి తెలియదు. కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పెట్టవద్దు. కట్టు బిగించవద్దు. తరువాత నేరుగా ఆసుపత్రికి రండి.

రక్తం రాని చిన్న గీరుకు కూడా టీకా అవసరం. పన్ను దిగి రక్తం వచ్చినా, అప్పటికే ఉన్న పుండును కుక్క నాకినా, దాని చొంగ కంటిలోగాని నోటిలోగాని పడినా, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. టీకా పనిచేయటం మొదలుపెట్టే లోపల క్రిమిని అక్కడే అడ్డుకునేది ఈ మందే. కుక్కను తాకినంత మాత్రాన, అన్నం పెట్టినంత మాత్రాన, గాయం లేని చర్మం మీద నాకినంత మాత్రాన సూదులు అక్కరలేదు. అనవసరంగా భయపడవద్దు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అన్న మాట ఇప్పటికీ మనవారిని వెనక్కు లాగుతున్నది. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివరిలోనే ఆపివేశారు. ఇప్పుడు పెద్దలకు జబ్బకు, పసివారికి తొడకు వేస్తారు. కండలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులలో ఐదుసార్లు, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో నాలుగుసార్లు వేస్తారు. 0 అంటే మొదటి సూది వేసిన రోజు. రెండు సూదులు కాగానే గాయం మానిందని మిగతావి మానివేయవద్దు.

కరిచిన కుక్కను కొట్టి చంపవద్దు, తరిమివేయవద్దు. 10 రోజులు కళ్ళ ముందు ఉంచి గమనించండి. అన్ని రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో క్రిమి లేనట్లే. మిగిలిన సూదుల సంగతి అప్పుడు డాక్టరు నిర్ణయిస్తారు. అయితే 10 రోజులు చూసి ఆ తరువాత మొదలుపెడదాము అనుకోకూడదు. మొదటి సూది వెంటనే పడాలి. తెచ్చిన కుక్కపిల్ల ఏ కారణమూ తెలియకుండా చనిపోతే, పిల్లలు ఏడుస్తారు, పెరట్లో పాతిపెడతారు, అంతటితో మరచిపోతారు. ఆ రోజునే ఇంటిల్లిపాది చేతులు, కాళ్ళు చూసుకోవాలి. ఎవరికి గీరు ఉన్నా ఆసుపత్రికి రావాలి. జబ్బు లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్‌కు మందు లేదు.

ఒక సంగతి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు కాటును దాచిపెడతారు. తిడతారన్న భయం కొంత. "కరిచిందని చెబితే టామీని బయట వదిలేస్తారు" అన్న భయం అంతకంటే ఎక్కువ. కాబట్టి కుక్కపిల్ల ఇంటికి వచ్చిన రోజునే వారిని కూర్చోబెట్టి మాట ఇవ్వండి: "గీరినా, కరిచినా చెప్పు. దానిని పంపించము, నిన్ను కొట్టము." ఇచ్చిన మాట తప్పకండి. ఒక్కసారి తప్పితే ఆ పిల్లవాడు రెండవసారి చెప్పడు.

ఇక కుక్కపిల్ల సంగతి

మొదటి రెండు మూడు రోజులలోనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పళ్ళు చూసి వయస్సు చెబుతారు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తరువాత డాక్టరు చెప్పిన తేదీకి మరొకటి, ఆపైన ప్రతి సంవత్సరం వేయించాలి. టీకా వేసిన రోజునే రక్షణ రాదు, కొన్ని వారాలు పడుతుంది. అప్పటికే క్రిమి ఒంట్లో ఉంటే టీకా ఆపలేకపోవచ్చు. అందుకని మొదటి కొన్ని నెలలు దానిని పిల్లల ముఖం దగ్గరకు రానీయవద్దు.

వీధి కుక్కపిల్లల కడుపులో ఏలికపాములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి, తల్లి నుండే వస్తాయి. వాటి గ్రుడ్లు మలంతో మట్టిలో కలిసి, అక్కడ ఆడుకునే పిల్లల నోటిలోకి పోతాయి. అరుదుగా కంటిచూపును కూడా దెబ్బతీస్తాయి. కాబట్టి క్రమం తప్పకుండా పురుగుల మందు వేయించాలి. ఆదివారం మాంసం కొట్టు నుండి తెచ్చిన పచ్చి పేగులు, కార్జం కుక్కకు వేయవద్దు. వాటి ద్వారా కుక్క కడుపులో పెరిగే ఒక రకం బద్దెపురుగు వల్ల మనుషుల కాలేయంలో హైడాటిడ్ తిత్తులు ఏర్పడతాయి. ఆపరేషన్ దాకా పోయే జబ్బు అది. పెరుగన్నం, ఉడికించిన గ్రుడ్డు, ఉడికించిన మాంసం చాలు. ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కకు విషం.

ఇంట్లో రోగి ఉంటే

డిశ్చార్జి అయ్యే రోజున "మా కుక్క ఎట్లా ఉందో" అని అడిగే పెద్దవారిని మా సిస్టర్లు వార్డులో చూస్తూనే ఉంటారు. ఇంటికి వెళ్ళాక వారిని రోజూ నాలుగడుగులు నడిపించేది కూడా ఆ కుక్కే. రోగి ఉన్నాడని దానిని పంపివేయనక్కరలేదు. షుగరు వ్యాధి వలన కాళ్ళు తిమ్మిరెక్కిన వారు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. నిద్రలో కుక్క కాలి పుండును నాకినా, వేలిని కొరికినా వారికి తెలియదు. పుండుకు కట్టు కట్టుకొని, కుక్కను పడకకు దూరంగా ఉంచాలి. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడేవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు కుక్క మలమూత్రాలు తామే ఎత్తకూడదు. ఇంట్లో కుక్క ఉన్నట్లు మీ డాక్టరుతో తప్పక చెప్పండి.

1885 జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలునికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ బాలుడు బ్రతికాడు. దాని జ్ఞాపకార్థం ఏటా జూలై 6న మన రెండు తెలుగు రాష్ట్రాలలో పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఆ రోజు జనం ఎక్కువగా ఉంటారు, కుక్కలు బెదురుతాయి. మెడకు పట్టీ వేసి, మూతికి మెత్తని గుడ్డ వదులుగా కట్టి, అది బాగా మాట వినే మనిషే తీసుకువెళ్ళండి. వాళ్ళిచ్చిన కార్డును పిల్లల టీకాల కార్డుల దగ్గరే పెట్టండి.