స్తనార్బుద శస్త్రచికిత్స: తల్లికి బిడ్డలు అండగా నిలుచుట ఎట్లు?

స్తనములో గడ్డ తగిలినదని తల్లి చెప్పిన నాడు మన పల్లెలలో మొదట జరుగునది పసుపు పట్టు వేయుట. నొప్పి లేదు గదా అని కొన్ని నెలలు గడచును. ఆపైన చంకలో బిళ్ల కట్టును. అప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల బిడ్డలు తల్లిని వెంటబెట్టుకొని వైద్యుని కడకు వచ్చి, "కత్తి పడకుండ చూర్ణముతో కరిగించండి" అని అడుగుదురు. అట్టి చూర్ణము లేదు. గురుముఖమున ఆయుర్వేదమును అభ్యసించినవాడనై ఈ మాట చెప్పుచున్నాను. నొప్పి లేకపోవుట శుభలక్షణము కాదు. స్తనార్బుదములు పెక్కు తొలిదశలో నొప్పి కలిగింపవు.

శాస్త్రమేమనుచున్నది?

సుశ్రుతుడు నిదానస్థానములో అర్బుదమును వర్ణించుచు, అది మెల్లగా పెరుగునదియు, లోతైన మూలము కలదియు, పక్వము కానిదియు అని చెప్పెను. ఒకదానిపై మరియొకటి పుట్టుటను అధ్యర్బుదమనెను. చికిత్సాస్థానములో, కొంచెము శేషము మిగిలినను అర్బుదము మరల పుట్టునని, కావున నిశ్శేషముగా తొలగింపవలెనని హెచ్చరించెను. శస్త్రమునకు భయపడి లేపములతో కాలము గడపుట మన శాస్త్రమునకే విరుద్ధము.

చంకలోని గ్రంథులను ఎందుకు తీయుదురు?

స్తనము నుండి శోషరసము ముఖ్యముగా చంకలోని గ్రంథులకు చేరును. రోగకణములు సాధారణముగా మొదట అచ్చటికే పోవును. రోగము గ్రంథులకు ప్రాకినట్లు తెలియనిచో, మొదటి ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించు పద్ధతి నేడు కలదు. ప్రాకినచో పెక్కు సందర్భములలో చంకలోని గ్రంథులను అధికముగా తీయుదురు. ఎన్ని తీసిరి, వానిలో ఎన్నింటిలో రోగమున్నది అనుదానిని బట్టి తరువాతి చికిత్స నిర్ణయమగును. కావున ఆ పరీక్షాపత్రమును భద్రపరచి, ప్రతి పర్యాయము వెంట తీసికొని పోవలెను.

శస్త్రచికిత్సకు ముందు

కామారెడ్డి వారు రైలులోనో, జాతీయ రహదారి బస్సులోనో, ఎల్లారెడ్డి వారు మెదక్ మీదుగానో హైదరాబాదు చేరవచ్చును. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి సేవ చేయుచున్న ప్రభుత్వ సంస్థ. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద క్యాన్సర్ శస్త్రచికిత్సలు చేయించుకొనవచ్చును. 2023 డిసెంబరులో తెలంగాణలో దీని పరిమితిని కుటుంబమునకు ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచిరి. పొలము అమ్మకమునకు పెట్టుటకు ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసికొనుడు.

తల్లి వాడుచున్న చూర్ణములు, గుగ్గులు, భస్మములు, పసరు మందులు అన్నియు శస్త్రవైద్యునికి చెప్పవలెను. కొన్ని రక్తస్రావమును పెంచవచ్చును, కొన్ని మత్తుమందుతో సరిపడకపోవచ్చును. దాచుట ప్రమాదము.

మరియొక పని: దర్జీ టేపుతో రెండు చేతుల మణికట్టు, ముంజేయి నడుమ, దండ నడుమ చుట్టుకొలతలను వ్రాసి ఉంచుడు. దీని ప్రయోజనము ముందు తెలియును.

మొదటి రెండు వారములు

గాయము నుండి ఒక గొట్టము డబ్బాలోనికి వచ్చుచుండును. అందు చేరు నీరు ఎర్రగా ఉండి క్రమముగా పలుచబడును. ప్రతిదినము ఒకే వేళకు కొలిచి వ్రాయవలెను. దినమునకు సుమారు 30 మిల్లీలీటర్లకు తగ్గినపిమ్మట సాధారణముగా గొట్టము తీయుదురు. దండ లోపలి వైపు మొద్దుబారుట తరచుగా జరుగునదే, భయపడనక్కరలేదు.

చేయి కదపకుండ ఉంచినచో భుజము బిగిసిపోవును. మరునాటి నుండియే వ్రేళ్లు, మణికట్టు, మోచేయి మెల్లగా కదపవచ్చును. వైద్యుడు అనుమతించిన పిమ్మట గోడపై వ్రేళ్లతో ప్రాకుచు చేతిని పైకి లేపుట, ఆ చేతితోనే తల దువ్వుకొనుట అభ్యసింపజేయుడు.

గాయము మానుటకు పథ్యము

పప్పు తినిన చీము పట్టునని మనవారు రోగికి చారు మెతుకులే పెట్టుదురు. ఇది తగదు. వ్రణరోగికి పాత బియ్యపు అన్నము, పెసరకట్టు, జాంగల మాంసరసము సుశ్రుతుడే పథ్యముగా చెప్పెను. మాంసధాతువు పెరుగనిదే గాయము మానదు. పెసరపప్పు, పాలు, పెరుగు, తిను అలవాటున్నవారికి గ్రుడ్డు ఇవ్వవలెను. మధుమేహమున్నచో వైద్యుని సలహా తీసికొనుడు. గాయముపై పసుపుగాని, నూనెగాని, ఆకుపసరుగాని వేయకూడదు.

చేతి సంరక్షణ: జీవితకాలపు నియమము

గ్రంథులు తీసినచో శోషరసపు దారి కొంత మూతపడును. చంకలోని గ్రంథులను పూర్తిగా తీసినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి చేయి వాచునని లెక్క; మొదటి గ్రంథులను మాత్రమే తీసినవారిలో ఇది చాల తక్కువ. వాపు నెలల తరువాత గాని, ఏండ్ల తరువాత గాని రావచ్చును. ముందు వ్రాసిన కొలతలతో నెలకొకసారి పోల్చుడు. రెండు సెంటీమీటర్ల తేడా కనబడినచో ఆలసింపక వైద్యునికి చూపుడు. దీనికి పట్టీలు, శిక్షణ పొందినవారిచే మృదువైన మర్దనము కలవు. ఇంటిలో నూనె పోసి గట్టిగా రుద్దుట, కాపడము పెట్టుట హానికరము.

నిండు బిందెలు, గడ్డిమోపులు కొంతకాలము ఆ చేతితో మోయరాదు. బిగుతైన గాజులు, బిగుతు చేతుల రవికె వద్దు. సూదులు, రక్తపోటు పట్టీ వీలైనంతవరకు రెండవ చేతికే. మన ప్రాంతములో ఎందరో తల్లులు బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నారు. తునికాకు కత్తిరించునపుడు వ్రేలు తెగినను, పొలములో ముల్లు గ్రుచ్చుకొనినను వెంటనే సబ్బునీటితో కడిగి శుభ్రముగా ఉంచవలెను. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరము వచ్చినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను. లేపము వేసి తెల్లవారువరకు ఆగరాదు.

మాటయే మందు

రోగము పేరు తల్లికి చెప్పకుండ దాచిన బిడ్డలు కలరు. ప్రేమతోనే దాచుదురు. కాని తల్లి ఇరుగుపొరుగు గుసగుసలలో విని, తనతో ఎవరును నిజము మాటలాడరని ఒంటరియగును. వైద్యుడు చెప్పునపుడు ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఆమె అడుగదలచినది అడుగనిండు. స్తనము తొలగింపబడిన స్త్రీ అద్దము ముందు నిలువ జంకును. రవికెలో దూది మెత్త పెట్టి కుట్టించి ఇచ్చుట కుమార్తె చేయగలిగిన చిన్న సహాయము. అది ఆమెకు నలుగురిలో తిరుగు ధైర్యమిచ్చును.

తరువాత మందుల సూదులు గాని, కిరణచికిత్స గాని చెప్పినచో, గాయము మానెను గదా అని నడుమ ఆపరాదు. శస్త్రచికిత్సయైన తల్లి ఇంటికి వచ్చిన నాడు కుమార్తెలును, తోబుట్టువులును తమ దేహమును తామే పరీక్షించుకొని, గడ్డగాని, చనుమొన నుండి రక్తముగాని కనబడినచో ఆ వారములోనే చూపించుకొందురుగాక.